కొత్తదానికని దాచిన నలభై మంచాలు

ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. నడుము దగ్గర ఇరవై మూడు తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉంటుంది కాబట్టి మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. దుప్పట్లు, బకెట్లు, సూదుల పెట్టెలు, బల్బులు, ఫినాయిలు డబ్బాలు, ఏది కావాలన్నా కాగితం రాసుకుని ఆమె స్టోరు గుమ్మం ముందు నిలబడాల్సిందే. పెద్ద డాక్టరుగారైనా సరే. ముప్పై నాలుగేళ్ళ నౌకరీలో ఒక్క ఆడిట్‌లోనైనా ఆమె పుస్తకం మీద ఎర్ర సిరా చుక్క పడలేదు.

స్టోరు వెనక ఇంకో గది ఉంది. దాని తాళం గుత్తిలో అన్నిటికంటే పెద్దది. ఆ గదిలో నలభై మంచాలున్నాయి. చక్రాల మంచాలు, తలవైపు పైకెత్తుకోవచ్చు, పక్కన పసిబిడ్డకు తొట్టి తగిలించుకోవచ్చు. వచ్చి తొమ్మిదేళ్ళయినా ఒక్కదాని మీదా ఒక్క మనిషి పడుకోలేదు.

అవి కొత్తదానివి. ఆసుపత్రిలో "కొత్తది" అంటే ఒకటే అర్థం: వెనక ఖాళీ స్థలంలో రాబోయే అయిదంతస్తుల భవనం. తొమ్మిదేళ్ళ కిందట శంకుస్థాపన జరిగింది. ఆ ఏటి డబ్బు ఏడాది చివర్లో మంజూరైంది. గడువులోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. పదిహేను రోజుల్లో గోడలు లేవవు కానీ మంచాలు కొనవచ్చు. అలా భవనం కంటే ముందు మంచాలు దిగాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఆఫీసు గుమాస్తా అప్పుడే అన్నాడు. అతనికి ప్రభుత్వ ఉత్తర్వులన్నీ నోటికి వచ్చు కాబట్టి అతన్ని సర్క్యులర్ అంటారు.

ఆ తర్వాతి ఏడు డబ్బు టీకాలకు పోయింది. ఆ పైయేడు అంబులెన్సులకు. ఇంకో ఏడు రాజధానిలో పెద్దాసుపత్రికి. మరో ఏడు టెండరు రద్దయింది. తాళాలమ్మ ఎవరినీ తిట్టలేదు. టీకాలు వద్దని ఎవరంటారు? పెద్ద డాక్టరుగారు ఒకసారి చెప్పారు, సర్కారుకున్నది ఒక్కటే దుప్పటి, తలకు లాక్కుంటే కాళ్ళు బయటపడతాయి, కాళ్ళకు కప్పుకుంటే తల బయటపడుతుంది, ఈసారీ మనమే కాళ్ళమయ్యాం అని.

భవనం రాలేదు కానీ దాని మీద ఆశ మాత్రం ఆసుపత్రిని జబ్బులా పట్టుకుంది. కిటికీ అద్దం పగిలితే, ఎలాగూ మారిపోతాంగా అనేవారు. సున్నం పెచ్చులూడితే, కొత్తదానికి వెళ్ళేముందు దీనికెందుకు అనేవారు. అందరికంటే ఎక్కువగా ఈ జబ్బు తాళాలమ్మకే పట్టింది. ఇంట్లో కూడా కొత్త పళ్ళేలు అటక మీద, సొట్టలు పడ్డవి చేతిలో. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన భర్త అన్నం ముందు కూర్చుని, "నన్ను పాతదానికి వాడుతున్నావు సరే, కొత్తదానికి ఇంకెవర్నయినా దాచావా?" అని అడిగేవాడు.

అయితే దాచిన వస్తువును ఆమె ఊరికే వదిలేసే మనిషి కాదు. ప్రతి సోమవారం వెనక గది తెరిచి ఒక్కో మంచానికి కప్పిన ప్లాస్టిక్ తీసేది. స్క్రూలు బిగించి, నాలుగు చక్రాలకూ నూనె పెట్టి, గదిలోనే ఇటూ అటూ నడిపి, మళ్ళీ కప్పేసేది. పుస్తకంలో "పరీక్ష" అన్న గడిలో సంతకం పెట్టేది. నలభై సోమవారాలకు ఒక చుట్టు. ఇప్పుడు నడుస్తున్నది పన్నెండో చుట్టు.

ఆ సోమవారం ఇరవై ఏడో మంచం వంతు. ఆమె రిటైరు కావడానికి ఇంకా మూడు వారాలుంది. చక్రం తిప్పుతుంటే ఆమెకు ఒక్కటే దిగులు. తను వెళ్ళేలోపు ఈ నలభైలో ఒక్కదాని మీదైనా ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవడం చూస్తుందా? చూడాలంటే నియమం తప్పాలి. కొత్త భవనం పద్దు కింద కొన్నవి వేరేచోట వాడకూడదని కాగితం ఉంది. తప్పితే ఇన్నేళ్ళ పుస్తకం మీద మచ్చ పడుతుంది, రిటైర్మెంటు కాగితాలు ఆగిపోతాయి.

అంతలో కాన్పుల వార్డు పెద్ద సిస్టరు వచ్చింది. మనిషి నిలకడగా లేదు. గురువారం పై నుంచి ముగ్గురు అధికారులు వస్తున్నారట. నాలుగు ఆసుపత్రులు చూసి, వాటిలో ఒక్కదాని పేరే వచ్చే ఏటి భవనాల జాబితాలో పెడతారట. తాళాలమ్మ నూనె డబ్బా కింద పెట్టింది. గుండె పెళ్ళి డప్పులా కొట్టుకుంది. అదే ఊపులో పెద్ద సిస్టరు రెండో కబురు కూడా చెప్పింది. తన వార్డులో ఆరో నంబరు మంచం కాలు ఇప్పుడే వంగిపోయింది. దాని మీద ఇద్దరు బాలింతలున్నారు. దెబ్బలేమీ తగల్లేదు, బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. పద్దెనిమిది మంచాల వార్డులో ఇవాళ ముప్పై ఏడు మంది.

పెద్ద సిస్టరు మంచం ఇమ్మని అడగలేదు. తొమ్మిదేళ్ళుగా అడిగి అడిగి "కొత్తదానిది" అన్న జవాబు విని ఉన్న మనిషి. ఊరికే ఇరవై ఏడో మంచం కేసి చూసింది. తాళాలమ్మ తిప్పి వదిలిన చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

తాళాలమ్మ పుస్తకం తెరిచింది. "సిస్టరూ, పరీక్షకు తీస్తున్నాను, పట్టు."

"ఒక్కటేనా అక్కా?"

"ఒకదాన్ని పరీక్షిస్తే మిగతా ముప్పై తొమ్మిదీ ఊరుకుంటాయా?"

సర్క్యులర్‌ను పిలిపించారు. అతను గుమ్మంలోనే తల అడ్డంగా ఊపాడు. స్టోరులో వస్తువుల్ని అప్పుడప్పుడు పరీక్షించాలని నియమం ఉందా లేదా అని తాళాలమ్మ అడిగింది. ఉందన్నాడు. ఎన్నాళ్ళు పరీక్షించాలో రాశారా అని అడిగింది. అతను నియమాల పుస్తకం తెచ్చి, వేలు పెట్టుకుని చదివాడు. మొదట మొహం చిట్లించాడు. తర్వాత మీసాల కింద నవ్వు కదిలింది.

"రాయలేదు," అన్నాడు. "బరువు పెట్టి చూడాలని మాత్రం ఉంది."

"బరువు తయారుగా ఉంది. ముప్పై ఏడు మంది."

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వెనక గది రెండు తలుపులూ బార్లా తెరుచుకున్నాయి. ఆయాలు, వంటవాళ్ళు, గేటు మనిషి, ఎక్స్‌రే గదాయన, తలొక చెయ్యి వేశారు. ఆవరణలో మంచాలు బారులు తీరి బయల్దేరాయి. తొమ్మిదేళ్ళనాటి చక్రాలు ఒక్కటీ కీచుమనలేదు. భార్యకు టిఫిన్ డబ్బా తెచ్చిన డ్రైవరుగారిని కూడా పనిలోకి లాగారు. ఆయన మంచం తల పట్టుకుని, మలుపు దగ్గర నోటితోనే హారన్ కొట్టి, "జరగండి, జరగండి, బ్రేకుల్లేవు," అంటూ నడిపాడు. బాలింతలు పొట్ట పట్టుకుని నవ్వి, కుట్లు లాగుతున్నాయని తిట్టారు.

పాత మంచాలు వెనక గదిలోకి చేరాయి. కొత్తవి వాటికంటే వెడల్పు. వార్డు గదిలో పదహారు పట్టాయి, అంతే. మిగతావి నడవాలో వేశారు, వరండాలో వేశారు, ఇంజెక్షన్ గది గుమ్మం దాకా, మెట్ల కింద దాకా వేశారు. సాయంత్రానికి ఇంకో ముగ్గురు వచ్చారు. నలభైకి నలభై నిండాయి.

బుధవారం పెద్ద డాక్టరుగారు మీటింగు నుంచి తిరిగొచ్చి చూసి, నిలబడిన చోటే ఆగిపోయారు. "రేపు వాళ్ళొచ్చి, మనిషికొక మంచం ఉందిగా, ఇంక భవనం ఎందుకంటే ఏం చెప్పను తాళాలమ్మా?"

ఆమెకు ఆ ఆలోచనే తట్టలేదు. ఒక్క సోమవారం ఆత్రంలో తొమ్మిదేళ్ళ ఆశను తన చేత్తోనే ముంచేసిందా? పొద్దుపోకముందే అన్నిటినీ వెనక్కి తోయించేస్తానని చెప్పబోయింది. ఆయన వినడం లేదు. మెట్ల పక్క మంచం మీద ఒకమ్మాయి పక్కకు తిరిగి, మోకాళ్ళు సగం మడిచి, ఆదమరిచి నిద్రపోతోంది. పాత మంచం మీద ఇద్దరుంటే పక్కకు తిరిగే వీలే లేదు. ఆయన కాసేపు ఆమెనే చూశారు. "ఉండనివ్వండి. రేపటి సంగతి రేపు," అని వెళ్ళిపోయారు.

గురువారం పదింటికి ముగ్గురూ వచ్చారు. వాళ్ళలో పెద్దాయన కాస్త భారీ మనిషి, చంకలో లావుపాటి ఫైలు. నడవాలో మూడడుగులు వేశాక ఆయనకు నేరుగా నడవడం కుదరలేదు. పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఒక్కో మంచం దాటారు. ఇద్దరు బాలింతలు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. వార్డు మధ్యకు చేరాక ఫైలు విప్పుదామంటే మోచేతులకు చోటు లేదు. ఒక మంచం కాళ్ళవైపు ఆనించి విప్పారు.

"ప్రతి ఏడూ మీరు పంపే లెక్కలో పద్దెనిమిది మంచాలు, పద్దెనిమిదీ నిండి ఉన్నాయని రాసుంది. ఇవి నలభై ఉన్నాయేం?"

తాళాలమ్మకు అప్పుడర్థమైంది. లెక్కలో అడిగేది మంచాలనే. మంచం మీద ఇద్దరున్నా ముగ్గురున్నా ఫైలుకు అది నిండిన మంచమే. ముప్పై ఏడు మంది పద్దెనిమిదిగా మారి ఏటా పైకి వెళ్ళారు, పైవాళ్ళు పద్దెనిమిది మందికి వార్డు ఉందిగా అనుకున్నారు.

"స్టోరులోవి బయటికి తీయమన్నదెవరు?" అని ఆయన మళ్ళీ అడిగారు.

పెద్ద డాక్టరుగారు నేనే అనబోయారు. తాళాలమ్మ మంచాల మధ్య నుంచి ఇరుక్కుంటూ ముందుకొచ్చింది. గుత్తి చప్పుడుకు వార్డంతా తలతిప్పింది.

"నేనేనండీ. పరీక్షిస్తున్నాను."

"పరీక్షా? ఏం తేలింది?"

"మంచాలు పాసయ్యాయండీ. గదే తప్పింది."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఆయన నవ్వలేదు. తన కింది ఉద్యోగిని మెట్ల దాకా వెళ్ళి మంచాలు లెక్కపెట్టమన్నారు. వెనక్కి తిరగడానికి చోటు లేక తను అటువైపు తలుపులోంచే బయటికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి రెండు వారాలూ తాళాలమ్మ కాలు ఒకచోట నిలవలేదు. టపా మనిషి సైకిలు గంట వినపడితే చాలు, చేతిలో ఉన్నది పక్కన పెట్టేసేది. మూడో వారం మొదట్లో ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిదాంట్లో ఆసుపత్రి పేరు జాబితాలో ఉంది. అయిదంతస్తులు కాదు, ముందుగా కాన్పుల వార్డుకు రెండంతస్తులు. రెండోది ఆమె పేరు మీద. మంచాల పరీక్ష ఇంకా ఎందుకు పూర్తి కాలేదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని ఉంది. ముప్పై నాలుగేళ్ళలో ఆమెకు వచ్చిన మొదటి మచ్చ అది. సర్క్యులర్ కుర్చీ లాక్కుని, తన మంచి కలం తీసి, ఆమె తరఫున ఒకే వాక్యం రాశాడు: పరీక్ష కొనసాగుతున్నది. ఆమె సంతకం పెట్టి, పడీపడీ నవ్వింది. పై నుంచి మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు, రిటైర్మెంటు కాగితాలూ ఆగలేదు.

ఆఖరి రోజు సోమవారమే పడింది. తాళాల గుత్తి కొత్తామెకు అప్పగించి, నలభై మంచాలూ ఒక్కొక్కటిగా చూపించి లెక్క ఒప్పజెప్పింది. వెనక ఖాళీ స్థలంలో ఇద్దరు మనుషులు టేపు పట్టి కొలుస్తున్నారు. ఆ నేలను టేపుతో కొలవడం ఇది నాలుగోసారి. ఆ సంగతి తెలిసి కూడా ఆసుపత్రి సగం కిటికీల దగ్గరే ఉంది.

తాళాలమ్మ మాత్రం నూనె డబ్బా పట్టుకుని వరండాలో మోకాళ్ళ మీద కూర్చుంది. ముప్పయ్యో మంచం వంతు. మూడో చక్రం దగ్గరికొచ్చేసరికి, పైన పడుకున్నామె బిడ్డను సర్దుకుంటూ కిందికి తొంగి చూసింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"నువ్వు కదలకు తల్లీ," అంది తాళాలమ్మ. "బరువు ఉండగానే చూడాలి."