గేటు ముందు బ్రహ్మచారి

మౌలాలి దగ్గరి ఇనుప కార్ఖానాలో మీటింగంటే యూనియన్ నాయకుడు బ్రహ్మచారి గేటు ముందు స్టూలెక్కాల్సిందే. మైకు అందుకోకముందే మూడు వేళ్లే మిగిలిన కుడిచేతిని గాల్లో ఊపుతాడు. "నా రెండు వేళ్లు మిషిన్ తిన్నది. దానికి ఆయిల్ పోసిన్రు, నాకు నోటీసిచ్చిన్రు!" అంటాడు. జనం ఘొల్లున నవ్వుతారు. నవ్వేవాడి చేతిలో రాయి నిలవదని అతని నమ్మకం.

మొన్న అదే మిషిన్‌లో నలిగి నర్సింగ్ అనే కార్మికుడు చచ్చిపోయాడు. ఆ మిషిన్ బాగుచేయించలేదని కార్మికులు సూపర్‌వైజర్‌ను గేటు ముందు పడేసి రాడ్లతో కొడుతున్నారు. బ్రహ్మచారి స్టూలెక్కి చెయ్యి ఊపాడు. "నా రెండు వేళ్లు మిషిన్ తిన్నది..."

"మా అన్నను సుత తిన్నది! నవ్వమంటవా?" నర్సింగ్ తమ్ముడు రాడ్డుతో అతని మూతి పగలగొట్టాడు.

బ్రహ్మచారి పళ్లు ఉమ్మి, కిందికి దిగి, సూపర్‌వైజర్ మీద బోర్లా పడుకున్నాడు. రాడ్లు ఆగేదాకా లేవలేదు.