ఊపిరికి వేసిన గేటు

ఉద్యోగం ఊడినా సరే, కూతురి మైకుకి గేటు పెట్టేది లేదని మా బావ భీష్మించుకుని కూర్చున్నాడు. బావంటే మా అక్క మొగుడు, రేడియో స్టేషన్లో సౌండ్ ఇంజనీరు. అక్కడే వార్తలు చదివేది ఆయన కూతురు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆ పిల్ల ఊపిరి ఈదురుగాలిలా వినిపిస్తోందని శ్రోతలు ఫోన్లు చేస్తున్నారు. "సోమవారానికల్లా సరిచెయ్యండి, లేదా ఇంకో అమ్మాయిని చూసుకుంటాం" అన్నాడు కొత్త డైరెక్టరు. అంటే ఊడేది ఆయన ఉద్యోగం కాదు, పిల్లది.

స్టూడియోలో పలికిన గొంతు ఉన్నదున్నట్టు మీ ఇంటికి రాదు. ముందు ఒక పెట్టె అరుపుని అణిచి, గుసగుసని పైకెత్తుతుంది. బస్సులో వినేవాళ్ళకీ వంటింట్లో వినేవాళ్ళకీ ఒకేలా అందాలిగా మరి! చిక్కల్లా మాట ఆగినప్పుడే. పెట్టె ఊరుకోదు, దొరికినదాన్నే పైకెత్తుతుంది: కాగితం రెపరెప, ఫ్యాను చప్పుడు, ఊపిరి. అందుకని గేటు. దానికి ఇంజనీరు ఒక గీత పెడతాడు. గీత దాటేంత చప్పుడైతే తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది. మాటను పోనిచ్చి ఊపిరిని గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఈ విద్యలో మా బావని కొట్టేవాడు లేడు. పక్కన ఎవరు గొంతు సవరించుకున్నా "ష్" అంటాడు కాబట్టి స్టేషనంతా ఆయన్ని 'ష్ గారు' అనే పిలుస్తుంది.

ఒకప్పుడు వార్తలు మా అక్క చదివేది. ఆమె ఊపిరి గీత దాటడం మొదలవగానే బావ గీతని కాస్త పైకి జరిపాడు. కొన్నాళ్ళకి మళ్ళీ దాటింది. మళ్ళీ జరిపాడు. మరీ ఎత్తితే పదాల చివర్లు తెగిపోతాయి. "ఈ మైకు పాతబడి చచ్చింది" అని విసుక్కుని కొత్తది తెప్పించాడు. అక్క గొంతు నీరసపడుతున్నకొద్దీ ఆ మొదటి పెట్టె దాన్ని ఎత్తి నిలబెట్టింది. ఇంట్లో రోజూ రేడియోలో వినేదాన్ని నేను. నిక్షేపంలాంటి గొంతు! "అక్కా, ఆయాసపడుతున్నావేం?" అంటే "మెట్లెక్కొచ్చానే" అని కొట్టిపారేసేది.

ఒక మధ్యాహ్నం బులెటిన్ ముగించి అదే కుర్చీలో ఒరిగిపోయింది, మళ్ళీ లేవలేదు. గుండె కవాటం ఎప్పుడో పాడైందట. "ఎన్నాళ్ళుగా ఆయాసం?" అని డాక్టరు అడిగాడు.

"మైకు మార్చాను డాక్టరుగారూ" అన్నాడు మా బావ.

ఆ మాటకి ఆయన్ని నేను క్షమించలేదు. అక్క ఆయాసం నేను మాత్రం వినలేదా? విన్నాను. అయినా కోపం ఎవరిమీదో ఒకరిమీద పడాలి కదా. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఫ్యాను తిరగదు. నేను మాట్లాడుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపుతాడు. "ఉండు, పక్కగదిలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు" అంటాడు. అక్కడెవరూ ఉండరు. ఓసారి నేనూ చెవి రిక్కించాను. ఏమీ లేదనే అనుకుంటాను, గానీ ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను.

పిల్లని ఇద్దరు డాక్టర్లకి చూపించాం. గుండ్రాయిలా ఉందన్నారు. గట్టిగా పీల్చడం దానికి అలవాటు, అంతే. ఆదివారం పిల్లే తండ్రి గడ్డం పట్టుకుని బతిమాలింది. "ఈ పనంటే నాకు ప్రాణం నాన్నా. గేటు పెట్టెయ్యవూ!"

పెట్టేశాడు. సోమవారం రేడియో పెట్టాను. మాటకీ మాటకీ మధ్య చీమ చిటుక్కుమనడం లేదు. అచ్చం అక్క చదువుతున్నట్టే ఉంది. ఆయన్ని కడిగిపారేద్దామని చెప్పులేసుకుని స్టేషనుకి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి తరవాతి బులెటిన్ నడుస్తోంది. కంట్రోల్ రూములో ఆయన సీటులో అసిస్టెంటు కూర్చున్నాడు. బావ అద్దం అవతల, చదువుతున్న పిల్ల వెనక నిలబడ్డాడు. చెవులకి హెడ్‌ఫోన్లు లేవు. దాని వీపుమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ చెయ్యి లేస్తోంది.

బులెటిన్ అయిపోయి ఎర్రదీపం ఆరాక లోపలికి వెళ్ళాను.

"నువ్వైనా చెప్పు పిన్నీ," అంది పిల్ల నవ్వుతూ. "ఇకమీద రోజూ ఇలాగే నిలబడతాడట."

బావ కళ్ళు తెరవలేదు.

"నా చెవులమీద నమ్మకం పోయింది తల్లీ," అన్నాడు. "చెయ్యి తియ్యమనకు."