పురికొస తిరిగిన వైపు

నా చిన్నప్పుడు ఎర్ర రిబ్బను నా జడకి ఉండేది కాదు, కుడిచేతి మణికట్టుకి ఉండేది. అన్నం తినాలన్నా, పలక మీద రాయాలన్నా రిబ్బనున్న చెయ్యే వాడాలని అమ్మ నియమం. నాది పుర్రచెయ్యి. ఏం చేసినా ఎడమచెయ్యే ముందుకొచ్చేది. తీర్పు రోజున దేవుడికి కుడివైపున గొర్రెలు, అంటే మంచివాళ్ళు, ఎడమవైపున మేకలు, అంటే పాపులు నిలబడతారని సండే స్కూల్లో చెప్పిన రోజు నుంచి పిల్లలంతా నన్ను ‘మేకపిల్లా’ అనేవారు. చర్చి మెట్లు దిగుతుంటే వెనకనుంచి ‘మే... మే...’ అని అరిచేవారు. నేను నిజంగానే భయపడ్డాను. ఆ చేతిని తొడకింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

అమ్మది కోపం కాదు, బెంగ. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మా తాతయ్య వడ్రంగి. నాకు ఊహ తెలియకముందే పోయారు. చర్చిలో బెంచీలు, పాస్టరుగారి ఇంటి తలుపులు ఆయన చేసినవేనని మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చెప్పేది. దేవుడి పనికి పేరెందుకని మొదలుపెట్టి చివరికి దేనిమీదా పేరు చెక్కుకోలేదట ఆయన. మా నర్సీపట్నానికి కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు ఆ బెంచీలు మద్రాసు నుంచి తెప్పించారనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మామ్మ ముఖం చిన్నబోయేది.

ఒక సాయంత్రం ఆస్పత్రి డాక్టరుగారు మా ఇంటికొచ్చారు. ఆయన చేతిలో పాత దుప్పటి చుట్టిన పొడుగాటి కర్ర ఉంది. ఆఫీసర్ల క్లబ్బులో బిలియర్డ్స్ ఆడే కర్ర అది. రిటైరై వెళ్ళిపోతున్న ఫారెస్టు ఆఫీసరుగారి సామానులో కొన్నారట. క్లబ్బులో మిగతా కర్రలకి తయారుచేసిన కంపెనీ పేరుంది, దీనికి మాత్రం ఏ గుర్తూ లేదు. కానీ ఇంత తిన్నటి కర్ర, ఇంత బాగా చేతికి కుదిరేది ఇంకోటి లేదట. కలకత్తాదని ఒకరు, సీమనుంచి ఓడలో వచ్చిందని మరొకరు వాదులాడుకుంటున్నారట. మీ ఆయన అలాంటిదొకటి చేశారని చర్చిలో ఎవరో అన్నారు, అందుకే వచ్చానని మామ్మతో అన్నారు డాక్టరుగారు.

“దీన్ని క్యూ అంటారు మామ్మగారూ.”

“క్యూ అంటే కిరసనాయిలుకి నిల్సునేదే కద బాబూ?” అంది మామ్మ. డాక్టరుగారు గట్టిగా నవ్వేశారు.

మామ్మ కర్రని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో పొడుగునా నిమిరింది. “మా ఇంటాయన ఫారెస్టు దొరగారికి ఒకటి సేసేరండి. అది ఇదో కాదో ఎలగ సెప్పను?”

“మీరు అవునంటే చాలు. క్లబ్బులో నేను చెప్పేస్తాను.”

“నానంటే సాలదు బాబూ. రేపెవులో కాదంటే ఆరి పరువు పోద్ది.”

మామ్మకి ఆ కర్ర తాతయ్యదే కావాలని ఎంత ఉందో ఆమె వేళ్ళు చూస్తే తెలుస్తోంది. అయినా ఊరికే అవుననలేదు. కర్ర అడుగున, చేత్తో పట్టుకునే చోట, పురికొస దగ్గర దగ్గరగా చుట్టి పైన లక్క పూసి ఉంది. అక్కడికి రాగానే మామ్మ బొటనవేలు ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చింది. తర్వాత కర్రని వెలుతురుకి పట్టుకుని చూసి, వంటింట్లోంచి రెండు అప్పడాల కర్రలు, అలాంటిదే ఇంకేముంటే అది, కాస్త పురికొస తెమ్మని అమ్మని కేకేసింది. అమ్మ అప్పడాల కర్రలు, పురికొసతోపాటు చీపురుకట్ట కూడా తెచ్చింది.

ఒకదానికి డాక్టరుగారిని పురికొస చుట్టమంది. ఆయన వింతగా చూస్తూనే చుట్టారు. రెండోది తను చుట్టింది. తర్వాత నావైపు చూసింది.

“ఇటు రాయే గుంటా. ఈ సీపురుకట్టకి నువ్వు సుట్టు.”

నేను కుడిచెయ్యి చాపాను. మామ్మ ఆ చేతిని పట్టుకుని మణికట్టున ఉన్న రిబ్బను ముడి విప్పేసింది. “ఆ సెయ్యి కాదు. నీకే సెయ్యొస్తే ఆ సెయ్యి.”

నేను అమ్మవైపు చూశాను. అమ్మ ఒక అడుగు ముందుకు వేసి, అత్తగారి ముఖం చూసి ఆగిపోయింది. ఇంటికి వచ్చిన పెద్దమనిషి ముందు, అమ్మ ముందు, నా ఎడమచేత్తో పురికొస చుట్టాను. బిగువుగా, వరసగా, ఎక్కడా సందు లేకుండా చుట్టాను. నా చెయ్యి అంత హాయిగా కదలడం నాకే కొత్త.

మామ్మ నాలుగింటినీ చాప మీద పక్కపక్కన పెట్టింది. తను చుట్టిన వరసలు, డాక్టరుగారు చుట్టిన వరసలు ఒకవైపుకి ఒరిగి ఉన్నాయి. నావి రెండోవైపుకి ఒరిగాయి. క్యూ కర్ర మీదవి కూడా నావైపుకే ఒరిగాయి. డాక్టరుగారు కర్రని తలకిందులు చేసి చూశారు. అయినా ఏటవాలు మారలేదు.

“అంటే తాతగారు కూడా...?”

“పుర్రసెయ్యే. ఈ సుట్టుపట్ల వడ్రంగుల్లో ఆరొక్కరే. ఆరి పనిముట్లు ఎవులికీ కుదరవని ఒక్కడూ అరువడిగేవోడు కాదు.” మామ్మ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. “ఆ దొరగారికి సేసినది ఇదే బాబూ. ఇప్పుడు సెప్పండి మీ క్లబ్బులోన.”

అప్పుడు నా చెంపమీద చిన్నగా తట్టి, “మీ తాత కూడా మేకేనే” అంది. మేకపిల్ల అని పిల్లలు ఏడిపిస్తున్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మామ్మకి ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. మామయ్యగారి చెయ్యే దీనికొచ్చిందని ఇంతకాలం ఎందుకు చెప్పలేదత్తయ్యా అని అమ్మ మెల్లగా అడిగింది. “నువ్వు అడిగేవేటి? రిబ్బను కట్టడానికి బేగి వొచ్చేవు గానీ” అంది మామ్మ. అమ్మ తల దించుకుని నవ్వింది.

కర్ర మీద తాతయ్య పేరు చెక్కిస్తానన్నారు డాక్టరుగారు. మామ్మ వద్దంది. చుట్టు ఉందిగా, పేరెందుకంది. కానీ ఆ తర్వాత క్లబ్బుకి ఎవరు కొత్తగా వచ్చినా డాక్టరుగారు ఆ కర్రని చేతికిచ్చి, ఇది మన ఊరి వడ్రంగి చేసిందని చెప్పేవారట. ఆ కబురు తెలిసిన ఆదివారం మామ్మ చర్చిలో వెనక వరస వదిలి, మొదటి బెంచీలో కూర్చుంది. ఆమె పక్కన నేను, ఎర్ర రిబ్బను జడకి కట్టుకుని కూర్చున్నాను. మెట్ల మీద ‘మే...’ అన్నవాడితో, మా తాతయ్య కూడా మేకేరా, నువ్వు కూర్చున్న బెంచీ ఆ మేక చేసిందే అన్నాను.

ఇప్పుడు నాకొక కూతురు. ఈ ఏడే బళ్ళో వేశాం. కుడిచేత్తో రాయించమని వాళ్ళ టీచరుగారు రెండోసారి చెప్పి పంపారు. పిల్ల వెనకబడిపోతుందేమో, నలుగురూ నవ్వుతారేమో అని నాకూ బెంగగానే ఉంది. పొద్దున్న ఎర్ర రిబ్బను చేతిలోకి తీసుకుని, దాని జడకి కట్టాలా, మణికట్టుకి కట్టాలా అని ఒక్క క్షణం ఆగిన మాట నిజం. అప్పటికి అది గుమ్మంలో కూర్చుని బొంగరానికి తాడు చుట్టుకుంటోంది. వంగి చూశాను. వరసలన్నీ తాతయ్య వైపుకే ఒరిగి ఉన్నాయి.

రిబ్బను జడకే కట్టాను. రేపు నేనే వెళ్ళి టీచరుగారితో మాట్లాడతాను. వెళ్ళేటప్పుడు రెండు పెన్సిళ్ళు, కాస్త పురికొస పట్టుకెళ్తాను.