మామయ్యగారి షట్టరు, నా పాత నంబరు

అవిఘ్నమస్తు. ఏ పని తలపెట్టినా ముందుగా తలచుకోవలసిన ఏకదంతుణ్ణి, ఒకానొకప్పుడు నా తెలివితేటల కింద శిరస్సు ఒగ్గి నిలిచిన ఆ మహానుభావుణ్ణి స్మరించి ఈ ముచ్చట మొదలుపెడుతున్నాను. ఇది శ్రీ తారణ నామ సంవత్సర భాద్రపద శుద్ధ చవితి నాటి మాట.

ఆ రోజుల్లో చేతిలో ఫోను ఉన్నవాడు దానితో మాట్లాడేవాడు కాడు, మోగించి ఊరుకునేవాడు. ఒక మోత మోగితే బయలుదేరినట్టు, ఇంకొకటి మోగితే చేరినట్టు. అవతలివాడు పొరపాటున ఎత్తితే అదొక నమ్మకద్రోహం. నేను అప్పుడే ఒక బడిలో తెలుగు పండితుడిగా చేరి, లాల్‌దర్వాజా దగ్గర మేనమామగారింట ఉంటున్నాను. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ప్రభుత్వోద్యోగి మా మామయ్య. సాయంత్రం గరాజు ముందు కారు ఆపి, రెండుసార్లు హారను కొట్టి, స్టీరింగు వదలకుండా గంభీరంగా కూర్చునేవాడు. అత్తయ్య పొయ్యిమీది కూర దించి వచ్చి షట్టరు ఎత్తేది. కుడి భుజం పట్టేసిన ఏడు ఎడమ చేత్తోనే ఎత్తింది. అది చూడలేక ఒక ఉపాయం ఆలోచించాను (షట్టరు నేనే ఎత్తవచ్చునన్నది తోచలేదు, చదువుకున్నవాణ్ణి కదా).

మా గల్లీ చివర టీవీలు బాగుచేసే ఆయనను అందరూ టంకం భాయి అనేవారు. ఆయన షట్టరుకు మోటారు బిగించి, దానికి నా పాత సెల్‌ఫోనును, పాత నంబరుతో సహా, తగిలించాడు. ఫోను మోగితే షట్టరు పైకి లేస్తుంది, మళ్ళీ మోగితే కిందికి దిగుతుంది. ఎక్కడినుంచి మోగించినా సరే.

"పండిత్ సాబ్, ఈ నంబరు మీకు, మామకు, గంతే. మూడోటోనికి తెలిసిందంటే మస్తు లొల్లి అయితది."

"ఆ మాత్రం గుట్టు దాచలేనా భాయీ!" అన్నాను.

దాచగలిగేవాణ్ణే. కానీ కొత్త నంబరు తీసుకున్నా, పాతదాన్ని అంతకుముందే నాలుగుకు వేదాలు, తొమ్మిదికి గ్రహాలు చొప్పున పదాలు కూర్చి ఒక కందపద్యంలో బంధించి ఉంచుకున్నాను. ఎవరైనా నంబరు అడిగితే నోట ఆ పద్యమే పలికేది.

చవితి ముందురోజు ధూల్‌పేట నుంచి గల్లీవాళ్ళు అయిదడుగుల వినాయకుణ్ణి తెచ్చారు. వాన పట్టుకుంది, పందిరి కారుతోంది. "మా గరాజులో ఉంచండి, భద్రతకు నేను పూచీ" అన్నాను. మామయ్య కారు బయట తడిసింది. విగ్రహం ఏమాత్రం బీటలువారినా పూజకు పనికిరాదు, గల్లీకి ఆ ఏడు పండుగే లేదు. ఆ సంగతి తెలిసే ఆ మాట అన్నాను. నయాపూల్ అవతలినుంచి రావలసిన పురోహితులవారికి కూడా, "దారి పొడుగునా ఒక్కొక్క మిస్డ్ కాల్ ఇస్తూ రండి, ఏర్పాట్లు చేసుకుంటాము" అని చెప్పి, నంబరు ఇచ్చాను.

మరునాడు పొద్దున్న అందరం గరాజు ముందు నిలబడ్డామో లేదో, షట్టరు తనంతట తానే లేచింది. "గణపతి బప్పా!" అని కేకలు వేశారు. మామయ్య మోగించాడని నేను, నేను మోగించానని మామయ్య మురిసిపోయాము. చక్రాల పలక మీది స్వామి సగం బయటికి వచ్చి, కిరీటం సరిగ్గా షట్టరు కిందికి చేరేసరికి అది దిగడం మొదలుపెట్టింది.

"ఏందన్నా గిట్లైతుంది! జెర ఆపుండ్రి!" అని పలక పట్టుకున్న కుర్రవాడు అరిచాడు.

నేను ఫోను తీసి మోగించాను. షట్టరు పైకి లేచింది. అదే క్షణాన మామయ్యా మోగించాడు. కిందికి దిగింది. "నువ్వు ఆపరా!" అని ఆయన, "మీరు ఆపండి మామయ్యా!" అని నేను. ఇద్దరమూ ఆపాము. అది మాత్రం ఆగలేదు. పైకి లేచి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ దిగింది. టంకం భాయి పరుగున వచ్చి, "నంబరు ఎవ్వనికిచ్చిండ్రు సాబ్?" అన్నాడు. అప్పుడు పద్యం గుర్తుకొచ్చింది.

షట్టరు అంచు కిరీటానికి వేలెడు దూరంలో టక్కున ఆగిపోయింది. వరండాలో మెయిన్ స్విచ్చు మీద ఎడమ చేయి ఉంచి అత్తయ్య నిలబడి ఉంది.

"కరెంటు కట్టేస్తే పోయేదానికి ముగ్గురు మగాళ్ళు ఈ గంతులేమిట్రా?"

పలకను మెల్లగా బయటికి లాగారు. స్వామికి గీత కూడా పడలేదు. కిరీటం కొసన అంటించిన తళుకు కాగితం మాత్రం షట్టరుకు అంటుకుపోయింది. అంతలో పురోహితులవారు ఆటో దిగి, చెమట తుడుచుకుంటూ, "ఏమయ్యా పండితుడూ, నయాపూల్ దగ్గర, మదీనా దగ్గర, చార్మినార్ దగ్గర, శాలిబండ దగ్గర మిస్డ్ కాల్స్ ఇచ్చాను. అందాయా?" అన్నారు.

"అందాయండీ," అన్నాను.

ఇప్పుడు మా అపార్టుమెంటు గేటు, ఫోను మీద వేలితో తాకితే తెరుచుకుంటుంది. మా అమ్మాయి తాకినప్పుడల్లా, కింద ఎవరైనా ఉన్నారేమోనని నేను ముందు తొంగి చూస్తాను, అది నవ్వుతుంది. ఆ కందపద్యం ఇప్పటికీ తప్పు లేకుండా వచ్చు, ఎవరికీ చెప్పను.

ఆ ఏడు అనంత చతుర్దశి నాడు స్వామి నిమజ్జనానికి తరలివెళ్ళాడు. మరునాడు, భాద్రపద పూర్ణిమ నాడు, టంకం భాయి మోటారు విప్పేశాడు. ఆ సాయంత్రం మామయ్య కారు ఆపి, హారను కొట్టకుండా దిగి, షట్టరు తానే ఎత్తాడు. ఆనాటినుంచి ఆయనే ఎత్తుతూ వచ్చాడు.