రైలు నీళ్ళు తాగేదాంక

మక్తల్‌ల కూసోని రైలు కోసం సర్వపిండి మాడగొట్టిన ఆడమనిషి ఈ దునియాల ఇంకొకతి ఉంటే తీసుకరాన్రి, ఆమె కాళ్ళు మొక్కుత. లేదంటే ఆ పేరు నాకే ఇడిసిపెట్టున్రి. ఒక్క పొద్దటి పూట నేను ఇల్లంత పొగజేసిన, పండుగ బియ్యం బొగ్గుజేసిన, రాని మొగణ్ణి రప్పించిన, వచ్చిన మొగణ్ణి నీళ్ళు తాపి ఎల్లగొట్టిన. ఆయిన మాత్రం ఆ దినమంత రాయచూర్ల పత్తి మిల్లుల పని చేసుకుంటనే ఉన్నడు. ఇదెట్లనంటరా? జర ఓపిక పట్టున్రి, చెప్త.

ముందుగాల మా అమ్మ ముచ్చట చెప్పాలె. మా ఇల్లు షాద్‌నగర్ టేషను పక్కపొంటి ఉంటుండె. పట్టాలకు, మా పెరటికి నడుమ ఒక్క తుమ్మకంప కంచెనే. రైలొస్తే మా ఇంట్ల చెంబులన్ని గడగడ ఒణికేటియి. బొగ్గింజను మా టేషన్లనే ఆగి నీళ్ళు నింపుకునేది. మా అమ్మ వారానికొక్కసారన్న సర్వపిండి చేసేది. బియ్యప్పిండిల నానబెట్టిన శెనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఎల్లిపాయ, పచ్చిమిరపకాయ, కల్యమాకు ఏసి, ఉప్పుజూసి ముద్ద కలపాలె. ఇత్తడి సర్వ లోపట నూనె రాసి, గోడకు పిడక సరిచినట్టు ఆ ముద్దను సర్వ కడుపు నిండ పలచగ ఒత్తాలె. నడుమ నడుమ ఏలుతోటి బొక్కలు పెట్టి, బొక్కకో నూనె సుక్క. మూతపెట్టి సన్నమంట మీద ఉంచాలె, అంతే. గింత అల్కటి పనిని ఆగం జెయ్యాలంటే గూడ ఒక తెలివి కావాలె. ఆ తెలివి నాకు దండిగ ఉండె.

"ఎంతసేపు ఉంచాలె అమ్మా?" అని అడిగితే మా అమ్మ చెప్పేది ఒక్కటే.

"రైలొచ్చి కూత పెట్టంగనే పొయ్యి మీద పెట్టు. ఇంజను నీళ్ళు తాగి, మళ్ళ కూత పెట్టి పోతది సూడు, అప్పుడు దించు."

"నడుమ ఒక్కసారి మూత తీసి సూస్తనే?"

"తీసినవంటే చెయ్యి ఇరగ్గొడ్త. రైలు నీళ్ళు తాగేదాంక మూత ముట్టద్దు."

ముట్టలేదు. నా చేతి సర్వపిండి అడుగున ఎర్రగ, మీద మెత్తగ, పట్టుకుంటే కరకరమని లేసొచ్చేది. నాకు వంటొచ్చనుకున్న. వంట వచ్చింది నాకు కాదు, రైలుకని అప్పుడు తెల్వది.

నా పెండ్లి నర్సయ్య అనే పెద్దమనిషి కుదిర్చిండు. మక్తల్ సంబంధం అనంగనే మా అమ్మ అడిగింది, "గంత దూరమా? ఆ దిక్కు రైలున్నదా అన్నా?"

"రైలు లేకేంది చెల్లె! కృష్ణ టేషను పక్కన్నే ఉన్నది. ఇంట్ల కూసుంటే కూత ఇనొస్తది."

మా అమ్మ అడిగింది బిడ్డను సూడ రావొచ్చా అని. నేను మాత్రం లోపలికెల్లి ఇని, అమ్మయ్య, సర్వపిండికి ఫికర్ లేదనుకున్న. నర్సయ్య "పక్కన్నే" అంటే ఎడ్లబండి మీద సగం దినం పైన అని, ఇంకో దిక్కు తొవ్వల మక్తల్ పోయినంక గూడ నాకు ఎవరు చెప్పలేదు. చెప్పనీకె నాతోటి మాట్లాడేటోళ్ళు ఉంటే గదా!

మా ఆయిన పెండ్లయిన పదిదినాలకే రాయచూరు మిల్లుకు పోయిండు. పత్తి అయిపోతే గాని రాడు. మామ ఎన్నడో కాలం చేసిండు. ఇంట్ల ఇద్దరమే, నేను, మా అత్తమ్మ. అత్తమ్మది రాయచూరు దిక్కు పల్లె. మనిషి ఎత్తరి, మాట పొట్టి. మా ఇద్దరి ముచ్చట దినమంత కలిపితే గింతనే.

"తిన్నవా?"

"తిన్న."

"పండుకో."

"పండుకుంట."

అంబలి కలిపేటప్పుడు మాత్రం ఆమె పొయ్యిదిక్కు మొకం పెట్టి కన్నడంల ఏందో గొణిగేది. నాకు కన్నడం ఒక్క ముక్క రాదు. రాని భాషల ఎవలేమన్నా తిట్టినట్టే ఇనొస్తది. రోజు గంటె తిప్పుకుంట నన్ను, మా అమ్మను, మా అమ్మమ్మను వరుసపెట్టి తిడుతున్నదనే అనుకున్న. నేను కొట్టిన జొన్నరొట్టెలు జూస్తే తిట్టినా తప్పులేదనిపించేది. ఒక దిక్కు మందం, ఒక దిక్కు చిల్లు.

నిజం చెప్పాల్నా? నాకు రొట్టెల బాధ కాదు, చెవుల బాధ. పుట్టినప్పటి సంది రైలు చప్పుడుల పెరిగిన దాన్ని. గీడ పొద్దుగూకితే చప్పుడే లేదు. చెవులు ఖాలీగ అయిపోయినట్టుండేది. అమ్మ యాదికొచ్చి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చేదాన్ని. కూత ఎందుకు ఇనొస్తలేదంటే, గాలి అటు కొడుతున్నదేమో, తిరిగినంక ఇనొస్తదిలే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

గిట్లుండంగ ఒకదినం పొద్దుగాల అత్తమ్మ నా మొకం దిక్కు సూసి, "మీ అమ్మ చేసేది ఏమన్న చేసుకుంటవా పిల్లా? జొన్నలు తినలేక గుంజుకపోయినవ్" అన్నది.

అన్ని మాటలు ఒక్కసారి! "బియ్యప్పిండి ఉంటే సర్వపిండి చేస్త అత్తమ్మా" అన్న.

అవి లడాయి దినాలు. బియ్యం మొకం సూసుడే కష్టం. అయినా అత్తమ్మ పండుగకని దాసిన బియ్యం కుండల్నుంచి తీసి, తనే ఇసుర్రాయి తిప్పి పిండి పట్టింది. పక్కింటి లింగమ్మను గోడమీదికెల్లి పిలిచింది. "మా కోడలు వాళ్ళ దిక్కు వంట చేస్తున్నది, రా."

మా కోడలు! వచ్చినప్పటి సంది ఆమె నోట్ల నుంచి ఆ మాట ఇనుడు అదే మొదలు. ఇది మంచిగ కుదిరితే ఈమె నాతోటి మాట్లాడ్తది, చెడిపోతే ఇగ మొగడొచ్చేదాంక గోడలతోటే ముచ్చట అనుకున్న. దేవునికి మొక్కి ముద్ద కలిపి, అమ్మ ఇచ్చి పంపిన సర్వల ఒత్తి, మూత పెట్టి, చేతుల పట్టుకొని కూసున్న. కూసున్న. కూసున్న.

"పొయ్యి మండబట్టె, పెట్టవేంది?" అన్నది అత్తమ్మ.

"అప్పుడే కాదత్తమ్మా. ఇంకా రాలే."

"ఎవరు?"

నేను ఏం చెప్తా? అందరికీ తెలిసిన ముచ్చటనే గదా అనుకొని, సిగ్గుపడి తల వంచుకొని, "వచ్చే యాళ్ళయింది, రానియ్యున్రి" అన్న.

ఇగో, గిక్కడ్నే కొంప మునిగింది. మా దిక్కు కొత్త కోడలు మొగని పేరు తియ్యదు. పేరు లేకుండ, తలవంచుకొని, "ఇంకా రాలే" అన్నదంటే అది మొగని ముచ్చటనే. ఏ చిన్నపిల్లనడిగినా చెప్తది. అత్తమ్మ లేసి నిలబడ్డది.

"నిజంగనా? ఎవరితోటి కబురు పంపిండే? నాకు చెప్పకపోతివి!"

ఆమె మొకం వెలిగిపోయింది. ఒక్క సర్వపిండికి ఇంత సంబరమా అని నేను గూడ సంబరపడ్డ. అత్తమ్మ ఉరికి వాకిట్ల కాళ్ళకు నీళ్ళు పెట్టింది, గొంగడి పరిచింది, కడప కాడ నిలబడి తొవ్వ దిక్కు సూడబట్టింది. లింగమ్మ నా పక్కకొచ్చి కూసుండి పండ్లికిలించింది.

అప్పుడు, బజారు ఆ కొసన, "బూఁ..." అని కూత!

"అగో!" అని ఒక్క ఉరుకు ఉరికి సర్వను పొయ్యి మీద పెట్టిన. గాలి తిరిగింది, రైలొచ్చింది అని నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. వచ్చింది జంగమయ్య. ఊదింది శంఖం. ఇంటింటికి జొన్నలడుక్కుంట మా దిక్కు వస్తుండు. ఎనుకింట్ల పొయ్యికాడ కూసున్న నాకు అదెట్ల తెలుస్తది, మీరే చెప్పున్రి.

మొదాలు కమ్మటి వాసనొచ్చింది. నేను కండ్లు మూసుకొని, ఇంజను నీళ్ళు తాగుతున్నట్టు, మా అమ్మ పక్కన కూసున్నట్టు అనుకుంటున్న. ఎంత హాయిగ ఉండెనో! తర్వాత ఇంకో తీరు వాసన.

"పిల్లా, అయినట్టుంది, దించు" అన్నది లింగమ్మ.

"ఇంకా పోలే."

"ఎవరు పోలే?"

"నీళ్ళు తాగి పోవాలె గదా. పోయినంకనే మూత తియ్యాలె."

లింగమ్మ నోటి మీద చెయ్యేసుకున్నది. "ఏందే! అన్ని దినాలకు ఇల్లుజేరే మనిషికి నీళ్ళు తాపి పంపిస్తవా? ముక్క పెట్టవా?"

"మా అమ్మ గట్లనే చెప్పింది."

"మీ అమ్మ చెప్పిందా! మీ ఇంట్ల మీ నాయినకు గూడ గట్లనేనా?"

"మా నాయినకు ఆఖరికి పెడ్తం."

మా పుట్టింటి మర్యాద లింగమ్మకు మంచిగనే అర్థమైంది. ఇంతల సర్వ మూత సందులకెల్లి పొగ. ఆమె మూత తియ్యబోతే నేను చెయ్యి పట్టి ఆపిన. "ముట్టకున్రి, చెయ్యి ఇరుగుతది!"

అప్పటికి జంగమయ్య మా కడప కాడికొచ్చిండు. అత్తమ్మ కండ్లు తొవ్వ మీదనే పెట్టి ఆయిన జోలెల జొన్నలు పోసింది. ఆయిన సల్లగుండమని దీవించి, "బూఁ..." అని మళ్ళ ఊదిండు.

"పోయింది!" అని నేను మూత తీసిన.

ఇంట్ల పొగ, కండ్లల్ల పొగ. లోపటి సర్వపిండి అడుగున పేరుకున్న నల్లటి బొగ్గు. అత్తమ్మ దగ్గుకుంట ఉరికొచ్చింది. "ఏమైందే? వాడేడి?"

"ఎవరత్తమ్మా?"

"నా కొడుకు! వస్తుండంటివి గదా!"

"నేనన్నది రైలును అత్తమ్మా!"

"ఏం రైలు?"

ఇగ నా నోరు ఆగలేదు. షాద్‌నగర్ టేషను, తుమ్మకంప, ఇంజను నీళ్ళు, కృష్ణ కూత, గాలి తిరుగుడు, అన్ని వెక్కుకుంట వెక్కుకుంట చెప్పిన. లింగమ్మ గోడకు ఒరిగి నవ్వుతున్నది. అత్తమ్మ నవ్వలేదు. కింద కూలబడి, "కాళ్ళకు నీళ్ళు పెట్టిన పిల్లా" అన్నది. కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. ఆమె గూడ నా లెక్కనే ఎదురుసూస్తున్నదని నాకు అప్పటిదాంక తెల్వది. నా ఏడుపు నాకే ఉన్నదనుకున్న.

అత్తమ్మ సర్వను ఒళ్ళె పెట్టుకొని, బూడిదె, చింతపండు తీసుకొని తోముడు మొదలుపెట్టింది. "నేను అంబలి కలిపేటప్పుడు ఏమంటనో ఎరికేనా?" అన్నది.

"నన్ను తిడ్తున్నరనుకున్న."

"నిన్నెందుకు తిడ్తనే! మా అమ్మ పాట అది. మూడుసార్లు పాడితే అంబలి అయితది. పెండ్లయి వచ్చినప్పటి సంది ఎవలకు చెప్పలే."

ఇద్దరం ఒకళ్ళ మొకం ఒకళ్ళం సూసుకున్నం. అప్పుడు నవ్వింది అత్తమ్మ, సూడున్రి, పొగకు దగ్గు, నవ్వుకు దగ్గు, పొద్దెక్కేదాంక ఆగలేదు. ఆ దినం లింగమ్మకు జొన్నరొట్టె, తొక్కు పెట్టి పంపినం. ఆమె పోయి బజారంత చాటింది. సాయంత్రానికి నా పేరు రైలు కోడలు.

మిగిలిన పిండితోటి రెండోనాడు మళ్ళ చేసినం. అత్తమ్మ పెరట్లకు పోయి, కొంగు నడుముకు చెక్కి, చేతులు నోటికాడ పెట్టి, "కూఁ..." అన్నది. నేను సర్వ పెట్టిన. మళ్ళ "కూఁ..." అన్నది. దించిన. అడుగు ఎర్రగ, మీద మెత్తగ. లింగమ్మ ఇంటి బర్రె మాత్రం తాడు తెంపుకొని ఉరికింది.

ఆషాఢంల పుట్టింటికి పోయినప్పుడు ఇదంత అమ్మకు చెప్పిన. అమ్మ నన్ను ఎగాదిగ సూసి, "రైలేందే?" అన్నది.

"నువ్వే చెప్పినవ్ గదా! నీళ్ళు తాగేదాంక..."

"ఓసి పిచ్చిబిడ్డా! వాసన జూసి దించాలె గాని రైలుకూ పిండికీ ఏం సంబంధం? నిముషానికోసారి మూత తీసి పాడుజేస్తవని నీ నోరు మూసేటందుకు చెప్పిన. నీకు ముక్కు లేదా?"

నేను ముక్కు తడిమి సూసుకున్న. ఉన్నది. అమ్మ నవ్వి నవ్వి, నవ్వుడు ఆపి, "నువ్వు పోయినంక ఆ కూత ఇనలేకపోతున్న బిడ్డా. నీ మందం గూడ పిండి కలుపుత, మళ్ళ నువ్వు లేవని యాదికొస్తది" అన్నది. నేను ఆమె ఒళ్ళె తలపెట్టుకున్న. రైలొచ్చి, నీళ్ళు తాగి, పోయింది. మేం ఏం వండలే.

అక్కడ్నే పొయ్యి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్న. పొయ్యిల నిప్పు సాక్షిగ, ముక్కు ఉండంగ ఇగ బతికినన్ని దినాలు చెవుల మాట ఇనను, ఇనను, ఇనను అని. తిరిగొచ్చేసరికి అత్తమ్మ ఇసుర్రాయి కాడ పిండి పట్టి, కొంగు చెక్కుకొని తయారుగ ఉన్నది. "పెట్టు పిల్లా, నేను కూత పెడ్త" అన్నది.

ఒట్టు ఒక్కదినం గూడ నిలవలే. వాసన అయిందని చెప్తనే ఉండేది, ఆమె "కూఁ" అనేదాంక నేను మూత తియ్యకపోయేదాన్ని. ఆమెకు ఊపిరి అందని ముసలితనంల రెండో కూత బాగ ఆలస్యమయ్యేది. అప్పుడప్పుడు మాడేది, ఇద్దరం గోకి తినేటోళ్ళం.

ఆమె పోయినంక మళ్ళ ఒట్టు మీదికొచ్చిన. ఇప్పుడు ముక్కుతోటే దించుత. ఒక్కసారి గూడ మాడలే. నాకు తినబుద్ధి కాదు.