మాస్టారి ఫొటో కింద ఆ వాక్యం

మాస్టారు పోయారని గత నెల ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజంతా ఏడ్చాను. సంతాపసభ నుంచి వచ్చాక మాత్రం కోపం ఆపుకోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలూ ఆ కోపంలోనే రాస్తున్నాను, మీరు మన్నించాలి.

మేముండే ఈ పరాయిదేశంలో, ఫ్రెస్నో ఊరి చుట్టుపక్కల ఉప్పు తేలిన నేలల మీద మాస్టారు చాలా ఏళ్ళు పరిశోధన చేశారు. నేను ఆయన విద్యార్థిని. తడిమట్టిలో ఎరువు కలిపి సీసాకి మూతపెట్టి, మర్నాడు తెరిచి ముందు వాసన చూసేవారు. ఘాటుగా ముక్కుకి తగిలితే, "చూశావామ్మా, మొక్కకి పెట్టిన అన్నం గాల్లో కలిసింది" అనేవారు. ఉప్పు నేలలో వేసిన నత్రజని చాలావరకు అమ్మోనియాగా ఎగిరిపోతుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చి నేలలో ఉంచే సూక్ష్మజీవులు ఉప్పుకి నీరసించిపోతాయి. సూక్ష్మజీవులున్న సేంద్రియ ఎరువు వేస్తే నేల కోలుకుంటుందా అన్నది ఆయన ప్రశ్న. మట్టిని ఓపిగ్గా అడగడం నాకు నేర్పింది ఆయనే.

ఒక ఎరువుల కంపెనీ అలాంటి తమ ఎరువుతో ఒక పొలంలో ఆయనచేత ట్రయల్ పెట్టించింది. మొదటి పంట విరగకాసింది. మాస్టారికి నమ్మకం కలగక పొలానికి వెళ్ళారు. ఎరువు వేసిన మడులకి కంపెనీవాళ్ళు మంచి కాలువ నీళ్ళు పెట్టారు, వేయని మడులకి ఉప్పటి బోరునీళ్ళు!

"ఉప్పుని కడిగింది నీళ్ళయితే సన్మానం ఎరువుకా?" అని అరిచారు.

"రిజల్ట్ బాగుంది కదా సార్, ఎందుకు కాంప్లికేట్ చేస్తారు?" అన్నాడు కంపెనీ మేనేజర్. అతనూ మన తెలుగువాడే.

"అన్నిటికీ ఒకే నీళ్ళు పెట్టి రిపీట్ చేయవయ్యా!"

చేశారు. ఎరువు పనిచేసింది, ఘాటు కొంత తగ్గింది. కాని ఉప్పు కడగకుండా అదొక్కటే నేలని బాగుచేయలేకపోయింది. "ఉప్పు నేలకి ఇదొక్కటే చాలు" అన్న ప్రకటన మీద మాస్టారు సంతకం పెట్టనన్నారు. కంపెనీ ట్రయల్ ఆపేసింది.

సంతాపసభకి గుడి హాల్లోకి వెళ్ళేసరికి గోడమీద ఆ కంపెనీవాళ్ళు కట్టిన పెద్ద బ్యానర్. ఆయన ఫొటో, కింద అదే వాక్యం! సిగ్గు లేదా వీళ్ళకి? కాలువలు ఎండిన ఈ ఏడాది ఉప్పు కడిగే నీళ్ళు లేని రైతులు ఆయన మొహం చూసి ఆ బస్తాలు కొనరా?

నేను లేచేలోపు ఆయన భార్య లేచారు. "ఈ మాట మా ఆయన ఒప్పుకోలేదు బాబూ."

"జస్ట్ ట్రిబ్యూట్ ఆంటీ..." అన్నాడు మేనేజర్.

"సంతకం పెట్టనివాడి మొహం ఎలా పెట్టావు?"

భోజనాల బల్ల మీది కత్తెర తెచ్చి, కుర్చీ ఎక్కి, బ్యానర్‌ని ఫొటో కింద అడ్డంగా కోసేశారు. వాక్యం నేలమీద పడింది. గోడమీద మాస్టారొక్కరే మిగిలారు, కింద వంకరగా తెగిన అంచుతో.