దున్న గొంతు నాది, కొంగ గొంతు వాడిది

సినిమాలో హీరోగా చేశానని గద్వాల బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో అందరికీ చెప్పుకున్నాను. హీరో అంటే దున్నపోతు. సినిమా అంటే పది నిమిషాల బొమ్మల కథ. పది కూడా కాదు, ఆరు.

పిల్లల బొమ్మల పుస్తకాలను కదిలే బొమ్మలుగా చేసి, మన పాలమూరు మాటలోనే వినిపించాలని ఒక టీచరమ్మ పూనుకుంది. ఆ పుస్తకంలో ఒక దున్న, దాని వీపు మీద వాలే కొంగ దోస్తులు. ఒకరోజు దున్న చెప్పాపెట్టకుండా వేరే మడుగుకు పోతుంది. కొంగ అలుగుతుంది. దున్న తిరిగొచ్చి తప్పయిందంటుంది. అంతే కథ. దున్నకు ముసలి గొంతు కావాలని ఆమె మా ఇంటికొచ్చింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, నా చేతికో కాగితమిచ్చింది.

"కొంగ ఏదమ్మా?" అన్నాను.

"కొంగ మాటలు వేరే ఊర్ల రికార్డు చేస్తం పెద్దయ్యా. మీరు గా గోడను జూస్కుంట మాట్లాడుండ్రి."

గోడకు చెప్పాను, "తప్పయింది, మల్ల నా ఈపు మీదికి రా" అని. ఎవరికి చెబుతున్నానో, ఎందుకు చెబుతున్నానో అంతుపట్టలేదు. ఆ మాట దగ్గర ఏడ్చేశానని కూడా హోటల్లో చెప్పాను. ఏడవలేదు. దుప్పటి దుమ్ముకు తుమ్మాను.

నెల దాటాక మనుమరాలు ఫోన్లో ఆ కథ పెట్టింది. కొంగ నోరు తెరవబోతూ ఖళ్లుమని గొంతు సవరించుకుంది. ఉలిక్కిపడి ఫోన్ దగ్గరికి లాక్కున్నాను. ఆ సవరింపు గోపాల్‌పేటలో ఉండే నా చిన్ననాటి దోస్తుది. మేం మాట్లాడుకోక రెండేళ్లు.

"నన్ను ఇడిసిపెట్టి పోతివి గదా" అంది కొంగ.

"తప్పయింది" అన్నాను నేను, ఫోన్లోంచి.

వాడు అన్నదెప్పుడో, నేను అన్నదెప్పుడో. అక్కడ మాత్రం ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం.

"తాతా, గట్ల బెదిరినవేంది? కొంగ నీ దోస్తే గదా?" అంది మనుమరాలు.

"దున్న దోస్తు బిడ్డా."

"దున్నవు నువ్వే గదా!"

వాడే నన్ను వదిలిపోయాడని రెండేళ్లుగా అందరికీ చెబుతున్నాను. జరిగింది వేరు. మల్దకల్ జాతరకు పోదామని ఇద్దరం బస్టాండుకు వచ్చాం. కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపాను. వాడు ముందే ఎక్కి దాని పక్క సీట్లో కూర్చున్నాడు, నేనింకా కిందే ఉన్నాను. అంతలో వెనకాల మల్దకల్‌కే పోయే ఖాళీ బస్సొకటి కదలబోతోంది. వాడికి చెప్పేలోపు అది వెళ్లిపోతుందని గబుక్కున ఎక్కేశాను. వాడేమో "మావోడు వస్తుండు" అని నిలబడ్డవాళ్లతో కొట్లాడుతూ, నా తువ్వాలకు కాపలా కాస్తూ మల్దకల్ దాకా వచ్చాడు. అప్పటికి నేను మిర్చి బజ్జీలు తింటున్నాను. వాణ్ని చూసి నవ్వాను. బస్సు మారినందుకు క్షమించేవాడేమో, నవ్వినందుకు క్షమించలేదు.

కథ చూసిన పొద్దే వాడికి ఫోన్ చేశాను.

"ఎవరు?"

"దున్నను."

అవతల ఖళ్లుమని గొంతు సవరించుకున్నాడు.

"గా బొమ్మల కథ జూసిన" అన్నాడు. "ఇనంగనే గుర్తు పట్టిన. ఒకటి జెప్పు. గా తప్పయింది అన్నది నాకేనా?"

"నీకే రా. కాగితంల లేకుండె. నేనే కలిపిన."

"నా కాడ గూడ గదే కాగితం ఉన్నది ముసలోడా."

దొరికిపోయాను. "కాగితంలదే. కొంగవు నువ్వని నాకు తెల్వనే తెల్వదు."

"మరి నాకెట్ల జెప్పినట్టు?"

నిజమే. గోడకు చెప్పిన మాట మనిషికి చేరితే, ఆ మనిషికి చెప్పినట్టా, కాదా? ఎటు తిప్పి చూసినా తేలలేదు. తేలకముందే నోరు జారింది.

"ఒక్క మాట జెప్పి గా బస్సు ఎక్కితె అయిపోతుండె. నవ్వకుంటె ఇంకా మంచిగుండె. తప్పు నాదే రా."

అవతల ఏదో పాత్ర కింద పెట్టిన చప్పుడైంది. కోపమో, పనో తెలియలేదు.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న" అన్నాను.

తినలేదు.